రాసి పలకని అక్షరాలు: ఇంగ్లీషు స్పెల్లింగును పిల్లలకు నేర్పే పద్ధతి

పర్లాకిమిడిలో సాయంత్రం పూట నా దగ్గరకు ఇంగ్లీషు చెప్పించుకోవడానికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియాలో చదువుతారు, పరీక్షలో ఇంగ్లీషు పేపరు కూడా రాస్తారు. మూడు లిపులతో రోజూ పనిపడే ఈ పిల్లలకు ఇంగ్లీషు స్పెల్లింగు మీద ఉన్న భయాన్ని పోగొట్టడానికి నేను అనుసరించే పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉన్న తెలుగు తల్లిదండ్రులకూ, ట్యూషన్లు చెప్పుకునే యువతీయువకులకూ ఇది పనికివస్తుందని నా నమ్మకం.

ఎనిమిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి ఒకనాడు వాళ్ల ఎరువుల దుకాణం బిల్లు పుస్తకాన్ని పట్టుకొచ్చింది. దాని మీద అచ్చువేసిన ఆర్-ఈ-సీ-ఈ-ఐ-పీ-టీ అన్న మాటను "రిసీప్ట్" అని చదివింది. అది "రిసీట్" అని నేను చెప్పగానే, "పీ ఉంది కదా మాస్టారూ, మరి ఎందుకు పలక్కూడదు?" అని అడిగింది. అది తెలివైన ప్రశ్న. "అదంతే, కంఠస్థం చెయ్యి" అని ఆ ప్రశ్నను అణిచివేసిన చోటే చాలామంది పిల్లలకు ఇంగ్లీషు దూరమవుతుంది.

నేను ఆ అమ్మాయితో "ఒడియాలో శేష అని రాయమ్మా" అన్నాను. రాసింది. మొదటి అక్షరం శకారం, రెండోది షకారం. చదవమంటే "సేసొ" అని చదివింది. ఒడియా మాటలో శ, ష, స మూడూ ఒక్క సకారంగానే వినిపిస్తాయి. హ్రస్వ దీర్ఘ ఇకారాలకు రాతలో ఉన్న తేడా మాటలో ఉండదు. అయినా ఏ ఒడియా పిల్లా ఆ మాటను మూడో సకారంతో రాయదు, ఎందుకంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రాత గుర్తు పెట్టుకుని ఉంది. "ఇక్కడ రెండు వేరు వేరు అక్షరాలు రాసి ఒకే ధ్వని పలికావు కదా, ఇంగ్లీషు వాళ్లూ అదే పని చేశారు, కాకపోతే ఎక్కువగా చేశారు" అని చెప్పాను. ఆ అమ్మాయి తన రాతను తానే ఇంకోసారి చూసుకుంది. సరిహద్దు పిల్లలకు ఉన్న గొప్ప సౌకర్యం ఇదే: రాతకూ మాటకూ మధ్య దూరం ఉంటుందన్న సంగతి వాళ్లకు ముందే అనుభవంలో ఉంది, దాన్ని ఎత్తి చూపించడమే మనం చెయ్యవలసిన పని.

తెలుగులోనూ పలకని అక్షరం ఒకటి ఉండేది. పాత పుస్తకాల్లో మూఁడు, వాఁడు అని అరసున్నతో రాసేవారు. పూర్వం అక్కడ ఒక అనునాసికం నిజంగానే పలికేది. తమిళంలో మూడును ఇప్పటికీ న్ తో "మూన్ఱు" అని రాస్తారు. మాటలో ఆ ధ్వని పోయిన చాలాకాలానికి మనం రాతలో నుంచి కూడా అరసున్నను తీసేశాం. ఇంగ్లీషు వాళ్లు తీయలేదు. అందుచేత వాళ్ల పలకని అక్షరాలు చాలావరకు వాళ్ల అరసున్నలు అనుకుంటే విషయం సగం తేలికవుతుంది.

తీయకపోవడానికి కారణం కూడా పిల్లలకు నాలుగు మాటల్లో చెప్పాలి. విలియం కాక్‌స్టన్ 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చు వచ్చాక స్పెల్లింగు కుదురుకోవడం మొదలుపెట్టింది, కాని సరిగ్గా ఆ కాలంలోనే, అంటే సుమారు 1400 నుంచి 1700 వరకు, ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ తమ స్థానాలను మార్చుకున్నాయి. ఎన్-ఏ-ఎమ్-ఈ అన్న మాట ఒకప్పుడు దాదాపు మన "నామ" లాగే వినిపించేది. మాట "నేమ్"గా మారింది, రాత మాత్రం మారలేదు. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వెలువడే నాటికి ఆ పాత రాతే ప్రమాణంగా స్థిరపడిపోయింది.

మొదట చెవి, తరువాత కన్ను

ఇక పద్ధతికి వస్తాను. కొత్త మాటను పిల్లలకు మొదట పుస్తకంలో చూపించకండి, వినిపించండి. దీనికి నిదర్శనం మన ఇళ్లలోనే ఉంది. గార్డు, బిస్కెట్టు, డౌటు, లైటు, కబోర్డు, డిజైను అన్న మాటలు మన తాతల కాలం నుంచి చెవిన పడి వచ్చినవి. గార్డులో, బిస్కెట్టులో యూ ఉంది. డౌటులో బీ ఉంది. లైటులో జీ-హెచ్ ఉన్నాయి. కబోర్డులో పీ ఉంది. డిజైనులో జీ ఉంది. అవేవీ చదువురాని వాళ్లు కూడా పలకరు, ఎందుకంటే వాళ్లు ఆ మాటలను విని నేర్చుకున్నారు. చివర ఉకారం చేర్చుకున్నారే తప్ప లేని ధ్వనిని తెచ్చిపెట్టలేదు. ప్లంబర్, హానెస్ట్, రిసీప్ట్, వెడ్నెస్‌డే వంటివి పుస్తకంలోనో బోర్డు మీదనో కంటితో చూసి నేర్చుకున్నవి కనుకనే తప్పుగా స్థిరపడ్డాయి. ప్లమర్, ఆనెస్ట్, రిసీట్, వెన్స్‌డే అని అవి ముందే చెవిన పడి ఉంటే ఆ చిక్కు వచ్చేది కాదు.

కనుక పాఠం చెప్పబోయే ముందు అందులోని పది కొత్త మాటలను ఎంచి, పుస్తకం మూసిపెట్టి, ఒక్కొక్కటి మూడుసార్లు పలికి, పిల్లల చేత పలికించండి. మీ ఉచ్చారణ మీద మీకు నమ్మకం లేకపోతే ఫోనులో నిఘంటువు తెరిచి స్పీకరు గుర్తును నొక్కి వినిపించండి. ఆ తరువాతే అక్షరాలు చూపించండి. "చూడండి, ఇందులో ఒక అక్షరం మౌనంగా కూర్చుంది, ఎవరో పట్టుకోండి" అని అడగండి. అప్పుడు ఆ అక్షరం పిల్లలకు అడ్డంకిగా కాక, తాము పట్టుకున్న వస్తువుగా గుర్తుంటుంది.

చుట్టాన్ని వెతకడం

ఈ పద్ధతి మొత్తానికి ప్రాణం ఇక్కడే ఉంది కనుక దీని మీద ఎక్కువసేపు నిలుస్తాను. ఒక మాటలో మౌనంగా ఉన్న అక్షరం, దాని చుట్టమైన మరో మాటలో తరచుగా గొంతు విప్పుతుంది. ఆ రెండో మాటను పట్టుకుంటే మొదటిదాని స్పెల్లింగు ఇక మరిచిపోరు.

సైన్ అన్న మాటలో జీ పలకదు, సిగ్నేచర్‌లోనూ సిగ్నల్‌లోనూ పలుకుతుంది. బామ్‌లో చివరి బీ పలకదు, బొంబార్డ్‌లో పలుకుతుంది. కండరాన్ని చెప్పే మసల్‌లో సీ పలకదు, మస్క్యులర్‌లో పలుకుతుంది. కాలమ్ చివర ఎన్ పలకదు, కాలమ్నిస్ట్‌లో పలుకుతుంది. అప్పు అనే అర్థం గల డెట్‌లో బీ పలకదు. ఇప్పుడు ఊళ్లో ప్రతివాళ్ల జేబులోనూ ఉన్న డెబిట్ కార్డులో అదే బీ గట్టిగా పలుకుతుంది. రెండును చెప్పే టూలో డబ్ల్యూ పలకదు, ట్విన్, ట్వెల్వ్, ట్వెంటీలలో పలుకుతుంది. ఎరువుల దుకాణం అమ్మాయికి నేను చెప్పిన చుట్టం రిసెప్షన్. పెళ్లి రిసెప్షన్ ఎరగని పిల్లలు లేరు. రిసీట్‌లో మౌనంగా ఉన్న పీ అక్కడ పలుకుతుంది. మన రసీదు కూడా దీని చుట్టమే అనిపిస్తుంది కాని కాదు, అది ఫారసీ నుంచి వచ్చిన మాట.

కొన్ని అక్షరాలకు చుట్టం ఇంగ్లీషులో దొరకదు, మన దగ్గరే దొరుకుతుంది. తెలుసుకోవడం అనే అర్థంలో కె-ఎన్-ఓ-డబ్ల్యూ అని రాసి "నో" అంటారు. ఆ మాటా, సంస్కృతంలోని జ్ఞా ధాతువూ ఒకే మూలం నుంచి పుట్టినవి. అక్కడి కె ఇక్కడి జకారానికి తోబుట్టువు. మనం మాత్రం జ్ఞానం అని రాసి జకారాన్ని జకారంగా పలుకుతున్నామా? తెలుగులో "గ్నానం" లాగానూ ఒడియాలో "గ్యానొ" లాగానూ వినిపిస్తుంది. మోకాలును చెప్పే "నీ" అన్న మాటలోని కె, మన జానువులోని జకారం కూడా ఇలాంటి జంటే. ఆజానుబాహుడు అన్న మాట తెలిసిన పిల్లలకు ఇది వెంటనే అందుతుంది. నైట్‌లోని జీ-హెచ్ ఉన్న చోట సంస్కృతం నక్తంలో కకారం ఉంది. కూతురును చెప్పే డాటర్‌లోని జీ-హెచ్ ఉన్న చోట దుహితలో హకారం ఉంది. ఆ జీ-హెచ్ పూర్వం గొంతులో ఒరుసుకుంటూ పలికే ఒక ధ్వని. జర్మన్ భాషలో అది ఈనాటికీ పలుకుతుంది. ఇంగ్లీషులో కొన్ని మాటల్లో పూర్తిగా పోయింది, లాఫ్, కాఫ్, రఫ్, ఇనఫ్ వంటి కొన్నింటిలో ఫకారంగా మారింది. ఏ మాటలో పోయిందో, ఏ మాటలో మారిందో చెప్పే సూత్రం లేదు, ఫకారంగా మారిన ఆ కొద్ది మాటలనూ విడిగా నేర్చుకోవాలి.

అన్ని మౌనాక్షరాలూ ఒకప్పుడు పలికినవే అని మాత్రం పిల్లలకు చెప్పకండి, అది నిజం కాదు. డెట్, డౌట్ అన్నవి ఫ్రెంచి నుంచి బీ లేకుండానే వచ్చాయి. లాటిన్ మూలంలో బీ ఉంది కదా అని పండితులు తరువాత చేర్చారు. దీవిని చెప్పే ఐలండ్‌లో ఎస్ ఇంకా విచిత్రంగా చేరింది. అది అచ్చమైన పాత ఇంగ్లీషు మాట, అందులో ఎస్ ఏనాడూ లేదు. లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన ఐల్ అనే మరో మాటతో కలిపి చూసి ఇందులోకీ ఎస్ తెచ్చారు. కుడ్ అన్న మాటలో ఎల్ కూడా అలాంటిదే. విల్ నుంచి వచ్చిన వుడ్‌కూ, షల్ నుంచి వచ్చిన షుడ్‌కూ ఎల్ హక్కుగా ఉంది. కెన్‌లో ఎల్ లేదు, కాని పక్కన కూర్చున్న ఆ రెంటినీ చూసి కుడ్ కూడా ఎల్ తగిలించుకుంది. ఈ కథలు చెప్పిన రోజున పిల్లలు ఆ మాటలను తప్పు రాయరని నా అనుభవం.

చోటును బట్టి గుర్తుపట్టడం

చుట్టం దొరకని చోట, అక్షరం నిలిచిన చోటు సాయం చేస్తుంది. మాట మొదట కె-ఎన్ గాని జీ-ఎన్ గాని ఉంటే ఎన్ ఒక్కటే పలుకుతుంది, నైఫ్, నాక్, నాట్ అన్నట్లు. డబ్ల్యూ-ఆర్ ఉంటే ఆర్ ఒక్కటే పలుకుతుంది: రైట్, రాంగ్, రిస్ట్. పీ-ఎస్, పీ-ఎన్ తో మొదలయ్యే సైకాలజీ, న్యుమోనియా వంటివి గ్రీకు నుంచి వచ్చినవి, వాటిలో పీ పలకదు. ఎస్-టీ తరువాత ఎల్-ఈ గాని ఈ-ఎన్ గాని వస్తే టీ పలకదు: కాసిల్, విసిల్, లిసన్, ఫాసన్.

మాట చివర ఎమ్-బీ వస్తే బీ పలకదు. క్లైమ్, కోమ్, థమ్ అనాలి. ఇక్కడ పిల్లలకు ఒక తికమక వస్తుంది, ఎందుకంటే మెంబర్, టింబర్ అన్నప్పుడు బీ పలుకుతుంది, ప్లమర్ అన్నప్పుడు పలకదు. చివరి ఈ-ఆర్ తీసేసి చూడమనండి. తీసేశాక ఎమ్-బీతో ముగిసే అసలు మాట ఒకటి మిగిలి, దాని అర్థమే పెద్ద మాటలోనూ కొనసాగితే బీ పలకదు. అలాంటిది మిగలకపోతే పలుకుతుంది. క్లైమింగ్‌లో బీ పలకకపోవడానికి కారణం కూడా ఇదే.

హెచ్ విషయంలో సూత్రం కన్నా జాబితా మేలు. ఫ్రెంచి నుంచి వచ్చిన అవర్, ఆనెస్ట్, ఆనర్, వారసుణ్ని చెప్పే ఎయిర్, వీటి నుంచి పుట్టిన మాటలు, ఇవే మాట మొదట్లో హెచ్ పలకనివిగా పిల్లలు గుర్తుంచుకోవలసినవి. వీటి ముందు ఏ కాకుండా ఏ-ఎన్ రాయాలన్న వ్యాకరణ సూత్రం ఇక్కడే చెప్పేస్తే రెండు పనులు ఒకేసారి అవుతాయి.

చివరి ఈ గురించి ఒక్క మాట. అది తాను పలకకపోయినా ముందున్న అచ్చును మారుస్తుంది. కిట్ చివర ఈ చేరిస్తే కైట్, హాప్ చివర చేరిస్తే హోప్, కట్ చివర చేరిస్తే క్యూట్. హ్యావ్, గివ్, లవ్ అన్న మాటల్లో అది ఆ పని చెయ్యదు, ఎందుకంటే అక్కడ దాని పని వేరు: ఇంగ్లీషు వాళ్లు సాధారణంగా మాటను వీ అక్షరంతో ముగించరు, అందుకని వెనక ఒక ఈ పెడతారు.

భూతకాలంలో వచ్చే ఈ-డీ దగ్గర మన వైపు పిల్లలు దాదాపు అందరూ తప్పుతారు. వాకెడ్, ఓపెనెడ్ అని రెండక్షరాలనూ పలుకుతారు. అవి వాక్ట్, ఓపెన్డ్. అసలు క్రియ చివర ట్ గాని డ్ గాని వినిపించినప్పుడు మాత్రమే, వాంటిడ్, నీడిడ్ అన్నట్లు, ఒక అచ్చు వినిపిస్తుంది. ఈ ఒక్క సంగతి నెల రోజులు పట్టుదలగా దిద్దితే పిల్లల మాట తీరు మొత్తం మారిపోతుంది. నేను చదువుకునే రోజుల్లో ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఒక ఉద్యోగపు ఇంటర్వ్యూలో నా ఉచ్చారణకు ఎదుటివాళ్లు నవ్వితే, ఎందుకు నవ్వారో కూడా తెలియకుండా బయటికి వచ్చాను. నా దగ్గరికి వచ్చే ఏ పిల్లకీ ఆ పరిస్థితి రాకూడదన్న పట్టుదలతోనే నేను దీన్ని ఇంతగా దిద్దుతాను.

నోటుపుస్తకం, నిఘంటువు

ప్రతి పిల్లకూ ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం కొనిపించండి. మాటలను అక్షరక్రమంలో కాక కుటుంబాలుగా రాయించండి. కె మౌనంగా ఉన్నవి ఒక పేజీ, బీ మౌనంగా ఉన్నవి ఒక పేజీ, ఇలా. ప్రతి మాటకూ మూడు గళ్లు ఉండాలి: మొదటి గడిలో ఇంగ్లీషు స్పెల్లింగు, రెండో గడిలో అది వినిపించే తీరు తెలుగులోనో ఒడియాలోనో, మూడో గడిలో దాని చుట్టం. పలకని అక్షరాన్ని ఎర్ర పెన్నుతో రాయించండి.

ఈ రెండో గడి గురించి చెప్పేటప్పుడు నాకు మా ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తుకు వస్తారు. సవర భాషకు లిపి లేని రోజుల్లో ఆయన సవరల నోట విన్న మాటలను విన్నట్లు రాసుకుని, ఆ భాషకు వ్యాకరణాన్నీ నిఘంటువునూ కూర్చారు. మాట ముందు, రాత తరువాత అన్న క్రమాన్ని ఆయన జీవితమంతా పాటించారు. పిల్లలూ విన్నదే రాయాలి, కంటికి కనిపించే అక్షరాలను తెలుగులోకి దించకూడదు. అలా దించబట్టే ప్లంబర్ పుట్టింది.

అయితే తెలుగు అక్షరాలు అన్ని ఇంగ్లీషు ధ్వనులనూ పట్టలేవు. జెడ్ ధ్వనికి మనకు అక్షరం లేదు. బ్యాట్, మ్యాన్ అన్న మాటల్లోని అచ్చుకూ లేదు, కాని ఆ ధ్వనికి చాలా దగ్గరది మన నోట్లో ఉంది. "నేను" అనీ "నేల" అనీ వరసగా పలికించండి. రెండో మాటలో నోరు ఎక్కువగా తెరుచుకోవడం పిల్లలే గమనిస్తారు. ఆ తెరిచిన ఏకారాన్ని కొంచెం కురచ చేస్తే బ్యాట్‌లోని అచ్చు దగ్గరపడుతుంది. ఒడియా మాధ్యమం పిల్లలకు సిప్, షిప్ అన్న జంట మీద ఎక్కువ సాధన కావాలి. తెలుగులో శకారం విడిగా పలికే ఇంట్లో పెరిగిన పిల్లలైతే అమ్మమ్మ పలికే శనివారం గుర్తుచేస్తే చాలు.

తొమ్మిదో తరగతికి వచ్చాక నిఘంటువులోని ధ్వని గుర్తులను నేర్పండి. 1886లో ప్యారిస్‌లో మొదలైన అంతర్జాతీయ ధ్వని సంఘం రూపొందించిన గుర్తులు అవి. ఒక గుర్తుకు ఒకే ధ్వని. పలకని అక్షరానికి అక్కడ చోటే ఉండదు. అన్ని గుర్తులూ నేర్పనక్కర లేదు. మాటలో పైన కనిపించే నిలువు గీత తన వెంటనే వచ్చే భాగాన్ని ఒత్తి పలకాలని చెబుతుందన్న సంగతీ, ఇంగ్లీషు ఈ అక్షరాన్ని తలకిందులుగా రాసినట్లున్న గుర్తు కనిపిస్తే అక్కడి అచ్చును తేలికగా వదిలెయ్యాలన్న సంగతీ ముందుగా చెప్పండి. తెలుగులో ప్రతి అక్షరాన్నీ నిండుగా పలకడం మనకు అలవాటు కనుక, ఈ రెండో సంగతికి సాధన ఎక్కువ కావాలి.

వారానికి ఒకసారి శ్రుతలేఖనం పెట్టండి. బడిలో ఒడియాకు పెట్టే శ్రుతలిఖన అలవాటే కనుక పిల్లలు జంకరు. మీరు సరైన ఉచ్చారణతో చెప్పాలి; పిల్లలు రాసుకునేటప్పుడు మాత్రం మనసులో "వెడ్-నెస్-డే", "ఇస్-ల్యాండ్" అని అక్షరాలన్నీ పలుక్కోవచ్చు. అది చేతికి చెప్పుకునే పాఠం, నోటికి కాదన్న తేడా ముందే స్పష్టం చెయ్యండి. తప్పు రాసిన మాటను వందసార్లు రాయించవద్దు. దాని చుట్టాన్ని అడగండి, చుట్టంతో కలిపి మూడుసార్లు రాయించండి.

ఏ కుటుంబంలోనూ చేరని మాటలు కొన్ని మిగిలిపోతాయి. సీ-ఓ-ఎల్-ఓ-ఎన్-ఈ-ఎల్ అని రాసి "కర్నల్" అంటారు, సీ-హెచ్-ఓ-ఐ-ఆర్ అని రాసి "క్వయర్" అంటారు, డచ్చి భాష నుంచి వచ్చిన వై-ఏ-సీ-హెచ్-టీని "యాట్" అంటారు. వీటికి నోటుపుస్తకం చివరి పేజీ కేటాయించి, వారానికి ఒకటి చొప్పున రాయించండి, అంతకు మించి వద్దు.